తెర మీద సముద్రం... వీపు మీద సంచీ!

తెలుగు సినిమాలో ప్రేమికులకు ఊసుపోకపోతే దర్శకుడు వాళ్ళను తిన్నగా విశాఖపట్నం పంపించేస్తాడు! ఒక అల, ఒక బండరాయి, ఎగిరే పమిట... పాట పూర్తయ్యేదాకా ఒడ్డు మీద ఆ ఇద్దరూ తప్ప కాకి కూడా కనిపించదు. 1978లో కె. బాలచందర్ 'మరో చరిత్ర' తీసిన దగ్గర్నుంచీ ఈ ముద్ర మరీ గట్టిపడింది. బాలుగా కమల్‌హాసన్, స్వప్నగా కొత్తమ్మాయి సరిత విశాఖ, భీమిలి తీరాల్లో పరుగులు తీస్తే, రంగుల్లేని ఆ సముద్రమే కుర్రకారు కలల్లోకొచ్చింది. 1981లో ఆయనే అదే కథను హిందీలో 'ఏక్ దూజే కే లియే'గా తీసినప్పుడు కథ గోవాకు మారింది గానీ, సముద్రం మాత్రం వదల్లేదు!

ఆ సినిమాలు చూసి మురిసిన అమ్మానాన్నల పిల్లలం మేము. అందుకే పెళ్ళయిన కొత్తల్లో నేనూ, మావారూ చెరో సంచీ వీపుకు తగిలించుకుని నాలుగు రోజులు విశాఖ తిరిగాం. స్టేషనుకు దగ్గర్లో చవక గది, సిటీ బస్సు ప్రయాణం, ఆకలేసిన చోట భోజనం. తిరిగి తెలుసుకున్న సంగతి ముందే చెప్పేస్తాను. తెర మీద సముద్రం ఇద్దరిదే. నేల మీద సముద్రం ఊరందరిదీ. ఈ తేడా తెలిసి వెళ్ళారా, ఆనందమే ఆనందం. తెలియక వెళ్ళారా, ప్రాణం మీదికొస్తుంది సుమా!

ఏకాంతమా? అబ్బే!

మొదటి సాయంత్రం రామకృష్ణా బీచికి వెళ్ళాం. అందరూ ముద్దుగా ఆర్.కె. బీచి అంటారు. ఊరు ఊరంతా అక్కడే ఉంది! మురీ మిక్స్చరు బండి, నిప్పుల మీద చిటపటలాడే మొక్కజొన్న పొత్తులు, ఉల్లిపాయ ముక్కలు కూరిన బజ్జీలు, పిల్లల కేకలు. "ఏమండీ, బాలూ స్వప్నా పరుగెత్తిన ఒడ్డు ఇదేనా?" అన్నాను. "ఇప్పుడు పరుగెత్తితే నలుగుర్ని గుద్దుకుంటాం, మెల్లగా నడువు" అన్నారు మావారు.

ఒడ్డునే ఉంది కురుసుర జలాంతర్గామి. సోవియట్ దేశంలో తయారై, 1969లో మన నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002 నుంచి మ్యూజియంగా నిలిచింది. పొడవు 91 మీటర్లు. లోపల మాత్రం ఒకరు పక్కకు ఒత్తిగిలితే గానీ రెండోవారు దాటలేరు! అందులోనే మనుషులు రోజుల తరబడి సముద్రం అడుగున బతికారంటే ఒళ్ళు జలదరించింది. 1971 డిసెంబరు యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ తీరానికి ఎదుటే. 2017లో రానా నటించిన 'ఘాజీ' చూసినవాళ్ళు ఈ కురుసుర లోపల పది నిమిషాలు నిలబడి చూడండి, సినిమా మళ్ళీ గుర్తుకొస్తుంది.

అందమైన మోసం

మర్నాడు పొద్దున్న అదే ఒడ్డున మా వయసు జంట ఒకటి నడుం లోతు నీళ్ళలో ఫోనుతో వీడియో తీసుకుంటున్నారు. పక్కన అలలు విరుగుతున్నా, వాళ్ళున్న చోటు నున్నగా, చెరువులా ఉంది. చూస్తుండగానే అమ్మాయి లోపలికి జరిగిపోయింది! ఈల మోగింది. గజ ఈతగాళ్ళు ఇద్దరు దూకి, ఆ అమ్మాయిని ఒడ్డుకు తెచ్చారు. బతికింది. వాంతి చేసుకుని, ఏడుస్తూ కూచుంది. ఆ కుర్రాడి నోట మాట రాలేదు.

"అలల్లేవని కదా దిగినారు? అలల్లేని సోటే సెడ్డది బాబూ" అన్నాడు ఆ ఈతగాడు. మత్స్యకారుల కుర్రాడే. దీన్నే రిప్ కరెంటు అంటారు. అలలు ఒడ్డుకు తోసిన నీళ్ళన్నీ తిరిగి వెళ్ళాలి కదా! ఇసుక కాస్త లోతుగా ఉన్నచోట సన్నని కాలువలా చేరి, జోరుగా లోపలికి పోతాయి. అక్కడ అల విరగదు గనక నిదానంగా కనిపిస్తుంది. ఇసుక కలిసి నీళ్ళు బురదరంగులో ఉండొచ్చు. అది మనిషిని కిందికి ముంచదు, దూరానికి లాగుతుంది. ఒడ్డువైపే ఎదురీదినవాడు అలిసిపోయి మునుగుతాడు. అందులో చిక్కితే వెల్లకిలా తేలి, చెయ్యెత్తి కేకెయ్యాలి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. ఏ హీరో అయినా సరే, దానితో కుస్తీ పట్టి నెగ్గలేడు!

భీమిలి దారి

మూడోనాడు 900కె బస్సెక్కాం. ఓ పక్క కొండలు, ఓ పక్క సముద్రం... టిక్కెట్టు డబ్బులకు ఇంతకన్నా మంచి సినిమా దొరకదు! దారిలో రుషికొండ. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు తెచ్చుకున్న తీరం. ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. గాలీ వానా వేల ఏళ్ళుగా చెక్కిన ఆ ఎర్రని సందుల్లో ఎన్ని పాటలు తీశారో లెక్కలేదు.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. ఒకనాడు హాలండు వర్తకులు ఉన్న ఊరది. వాళ్ళ సమాధులు ఇంకా ఉన్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయింది. పాతగోడ కనిపించిన చోటల్లా బొగ్గుతో, మేకుతో గీకిన జంట పేర్లే! "మన పేర్లూ చెక్కుదామా?" అన్నారు మావారు. "ఆ సినిమాలో ఇద్దరూ చచ్చిపోయారండీ! మనం బస్సందుకోవాలి, పదండి" అన్నాను.

సెకండ్ షో తర్వాత

మరి రాత్రి మజా? నక్షత్రాల హోటళ్ళ ఆటపాటలు మా సంచీలకు అందే బేరం కాదు. మా షికారు సెకండ్ షో! సినిమా హాలు పేరే కూడలి పేరైన చోటు జగదాంబ సెంటరు. ఈలల మధ్య సినిమా చూసి, అర్ధరాత్రి టీ తాగి, గంటన్నర కునుకు తీసి, తెల్లవారకముందే ఫిషింగ్ హార్బరుకు వెళ్ళాం.

అసలు రాత్రి జీవితం అక్కడుంది! వేట నుంచి వచ్చిన బోట్లు, మంచు పెట్టెలు, చందువలు, రొయ్యలు, నిలువెత్తు కోనాం చేపలు, వేలంపాట కేకలు. గంపలతో పోటీపడే ఆడవాళ్ళ గొంతులే పెద్దవి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో ఈ సందడి పల్చబడుతుంది. గంప పక్కన కూచున్న ముసలమ్మ మా సంచీలు చూసి నవ్వింది. "ఏటమ్మా, సంద్రం సూడ్డానికొచ్చినారా? సూడండి, సూడండి. మా ముసలోడు నలభై ఏళ్ళు ఏటకెల్లినాడు. ఇప్పటికీ గంగమ్మకి దండం పెట్టే కాలెడతాడు" అంది.

కుర్రకారూ, వింటున్నారా? విశాఖ వెళ్ళండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ మెత్తన. బజ్జీలు తినండి, 900కె ఎక్కండి, ఈలలేస్తూ సెకండ్ షో చూడండి. నీళ్ళలో దిగేముందు ఎర్రజెండా ఉందేమో చూడండి, ఈతగాడు ఎక్కడున్నాడో చూడండి, ఆ చుట్టుపక్కల జాలరులెవరైనా కనిపిస్తే ఒకమాట అడగండి. చీకటి పడితే ఇసుక మీదే కూచోండి. జంటగా వెళ్ళండి... జంటగా తిరిగి రండి!