సెరమైడ్ క్రీములు ఎవరికి అవసరం?

చలి మొదలయ్యేసరికి పిక్కల మీద చర్మం తెల్లబడి, గోకితే చారలు పడడం చాలామందికి అనుభవమే. దీనికి విరుగుడుగా ఇప్పుడు ‘సెరమైడ్’ కలిసిన క్రీములు దుకాణాల్లో అమ్ముతున్నారు. ధర మాత్రం తక్కువేమీ కాదు. అంత డబ్బు పోసి కొనవలసిందేనా అని గృహిణులు నన్ను అడుగుతుంటారు.

సెరమైడ్ వింత మందేమీ కాదు. మీ చర్మంలో తయారయ్యే కొవ్వే. చర్మం పైపొరను ఇటుకల గోడ అనుకోండి. మృతకణాలు ఇటుకలైతే, వాటి మధ్య సున్నంలా పట్టి ఉంచేవి కొవ్వులు. వాటి బరువులో దాదాపు సగం సెరమైడ్లే. తక్కినవి ముఖ్యంగా కొలెస్టరాల్, ఫాటీ ఆమ్లాలు. (రక్తంలో ఉందంటే హడలిపోతామే, ఆ కొలెస్టరాలే!) ఈ సున్నం రాలిపోతే ఒంట్లో తేమ ఆవిరైపోతుంది, బయటి క్రిములకు దారి దొరుకుతుంది, దురద పుడుతుంది. అటోపిక్ ఎగ్జిమా ఉన్నవారి చర్మంలో సెరమైడ్లు తక్కువని 1991లో జపాను పరిశోధకులు తెలియజేశారు.

అయితే ఒక చిక్కుంది. 1993లో ఎలుకల మీద జరిపిన పరీక్షల్లో, దెబ్బతిన్న చర్మానికి ఈ మూడింటిలో ఒక్కటే పూస్తే గోడ కోలుకోవడం ఆలస్యమైంది. మూడూ సమపాళ్లలో కలిపి పూస్తే ఆ ఆలస్యం లేదు. కనుక పెట్టె మీది పెద్ద అక్షరాలు చూసి మురిసిపోకండి. వెనుక ఉన్న చిన్న అక్షరాల్లో మిగతా రెండూ ఉన్నాయేమో చదవండి.

మామూలు పొడిచర్మానికి ఇంత ఖర్చు అనవసరమని నా అభిప్రాయం. సలసల కాగే నీళ్లు, పీచుతో బరబరా తోమడం, ఒళ్లంతా రెండుపూటలా సబ్బు - ఉన్న కొవ్వును ఊడగొట్టేవి ఇవే. గోరువెచ్చని నీళ్లతో త్వరగా స్నానం ముగించి, తువ్వాలుతో అద్దుకుని, తడి పూర్తిగా ఆరకముందే చవకైన పెట్రోలియం జెల్లీ రాసుకోండి. చాలామందికి అదే సరిపోతుంది.

ఎగ్జిమా ఉన్న పిల్లలకు సెరమైడ్ క్రీము మేలు చేయవచ్చు. కాని అది మందుకు తోడు మాత్రమే. ఎర్రగా పొంగి రసి కారుతున్న చోట డాక్టరు వ్రాసిన ఆయింట్‌మెంటు మాని క్రీముతో నెట్టుకురావద్దు. చీము పట్టాక ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చే తల్లులను చూస్తూనే ఉన్నాను. పాత చీటీ పట్టుకుని దుకాణదారు ఇచ్చే స్టెరాయిడ్ గొట్టాలనూ నెలల తరబడి వాడకండి. చర్మం పలచబడుతుంది.

మరొక మాట. పాలిపోయి పొడిబారిన మచ్చ మీద దూదితో తాకితే స్పర్శ తెలియకపోతే ఏ క్రీమూ కొనకండి. అది కుష్ఠు కావచ్చు. వెంటనే ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించుకోండి. మందు ఉచితంగా ఇస్తారు, జబ్బు నయమవుతుంది.