ఇంటికి, ఒంటికి మేలుచేయు నేరేడు

కృష్ణా డెల్టాలో తొలకరి జల్లులు పడి నారుమళ్లు సిద్ధమగు వేళకే నేరేడు పండ్లు బజారుకు వచ్చును. ఇది పిల్లల తిండి యని చులకన చేయువారు కొందరు. ఇదియే మధుమేహమునకు మందని నమ్మి, వైద్యుడిచ్చిన మాత్రలు మానివేయువారు మరికొందరు. ఈ రెండును సరికావు.

రంగులోని మేలు

అమెరికా, కెనడా దేశములలో పెరుగు అడవి బ్లూబెర్రీ పండ్లు ఆరోగ్యమునకు మంచివని నేడు తరచు వినుచున్నాము. ఆ పొదకు గట్టి చలి, ఆమ్లగుణము గల నేల కావలెను. డెల్టా నల్లరేగడి సాధారణముగా క్షారగుణము గలది. ఇక్కడి చలియు దానికి చాలదు. అయినను మనకు లోటు లేదు. ఆ పండుకు నీలివన్నె తెచ్చు ఆంథోసయనిన్లు అను రంగు పదార్థములు నేరేడునందును ఉన్నవి. తిన్నప్పుడు నాలుకను ఊదారంగు చేయునవి ఇవియే. ఇవి తోలులో ఎక్కువగా నుండును గనుక పండును బాగుగా కడిగి తోలుతోనే తినవలెను. 100 గ్రాముల గుజ్జులో సుమారు 60 కేలరీల శక్తి, కొంత సి విటమిన్, పీచు లభించును.

మధుమేహ రోగులకు హెచ్చరిక

నేరేడు గింజల పొడిని మధుమేహమునకు వాడుట దేశవాళీ వైద్యమున చిరకాలముగా నున్నది. కాని నేరేడాకు కషాయమును బ్రెజిల్ దేశపు రోగులకిచ్చి చూడగా, వారి రక్తములోని చక్కెర తగ్గలేదని 2004లో ప్రకటించిరి. గింజల పొడియు మాత్రలకు, ఇన్సులిన్‌కు బదులు కాజాలదు. మందు మానినచో కండ్లు, మూత్రపిండములు, పాదములు మెల్లగా చెడును, తెలియువరకు ఆలస్యమగును. పొడి వాడదలచినవారు ముందుగా వైద్యునికి చెప్పవలెను. మాత్రలతో కలసి అది చక్కెరను మితిమీరి తగ్గింపవచ్చును. రోగులు పండును గుప్పెడుకు మించక తినుట మంచిది.

ఇంటి వాడకము

నేరేడు పండు ఒకటి రెండు రోజులకు మించి నిలువదు. మిగిలిన పండ్లతో షర్బతు చేయవచ్చును. పండ్లను కడిగి చేతితో నలిపి, గింజలు తీసి, కొంచెము నీరు చేర్చి స్టీలు గిన్నెలో సన్నని సెగపై వేడిచేసి, గుడ్డలో వడగట్టవలెను. పుల్లని రసమగుటచే ఇనుప, అల్యూమినియపు పాత్రలు పనికిరావు. రసమునకు పంచదార కలిపి చల్లని చోట నుంచి, త్వరగా వాడుకొనవలెను. మధుమేహము గలవారికి ఈ షర్బతు తగదు. ఇక కలప నీటిలో త్వరగా చివుకదు. అందుచే పూర్వము బావుల అడుగున నేరేడు చెక్కలు వేసెడివారు.

చెట్టు పెంపకము

నేరేడు కొంత ఉప్పును, కొన్నాళ్ల నీటి నిలువను ఓర్చుకొనును. కావున దొడ్డిలోను, వెడల్పైన చేని గట్లపైనను నాటవచ్చును. వరికి నీడ పడని చోటు చూడవలెను. గింజలు ఎండిన కొలది మొలకెత్తు శక్తి కోల్పోవును. పండు తిన్న కొద్ది రోజులలోనే నాటవలెను. గింజ మొక్క కాపునకు వచ్చుటకు సుమారు 8 నుండి 10 సంవత్సరములు పట్టును. అంటుమొక్క ఇంకను త్వరగా కాచును. పెద్దపండ్లు కావలసినవారు అల్లనేరేడు అంట్లు నాటుకొనవలెను.

నేరేడు కొమ్మ పెళుసు. చూపునకు బలముగా నున్నను ఒక్కసారిగా విరుగును. పండ్లకై పిల్లలను చెట్టెక్కనీయరాదు. క్రింద పాత దుప్పట్లు పరచి, వలసంచి కట్టిన వెదురు గడతో కోయవలెను. ఇందువలన పండు చితుకదు, ప్రాణమునకును ముప్పుండదు.

ప్రతి దొడ్డిలో ఒక నేరేడు చెట్టున్నచో ఇంటిల్లిపాదికి ఏటేటా మంచి పండు దొరకును. దానిని ఆహారముగా ఆదరించుడు. మందు విషయమున వైద్యుని మాట వినుడు.