తవ్వకుండా పైపు విప్పే పానా: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు

ఇంటి ముందు నేలలో దిగిన నల్లా పైపు కారడం మొదలైతే మనం ముందుగా వినే మాట ఒకటే: "తవ్వాలి." గచ్చు పగలగొట్టాలి, గుంత తీయాలి, పని అయ్యాక మళ్లీ పూడ్చి గచ్చు వేయించుకోవాలి. మారేది చిన్న కప్లింగే అయినా, ఖర్చంతా దాని చుట్టూ ఉన్న నేలకే పోతుంది. సోలాపూర్ లాంటి నల్లరేగడి నేలల్లో ఈ బాధ మళ్లీ మళ్లీ వస్తుంది. వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారే ఆ మట్టి పైపుల అతుకులను ఏటా అటూ ఇటూ లాగుతుంది. గోదావరి ఒడ్డున ఉన్న యానాంలో వానాకాలం గుంత తీస్తే పని మొదలుపెట్టే లోపే నీరు ఊరుతుంది.

తవ్వక తప్పని సందర్భాలు చాలానే ఉన్నాయి. అయితే తవ్వనక్కరలేనివీ, చిన్న గుంతతో సరిపోయేవీ ఉన్నాయి. అలాంటి పనికి వాడేదే పొడుగాటి కాడ ఉండి, పైపు లావును బట్టి దవడ తనంతట తానే సర్దుకునే పానా. వాష్‌బేసిన్ వెనక ఇరుకులో నట్టు విప్పడానికి ప్లంబర్లు వాడే బేసిన్ రెంచి దీనికి చిన్న తమ్ముడు. ఇల్లు మనది, డబ్బు మనది కాబట్టి ఇది ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలిసి ఉండటం మంచిది.

లోపలి కిటుకు

బావిలోకి బిందె దింపేటప్పుడు మెడకు ఉచ్చు వేస్తాం. నీళ్లు నిండి బరువు పెరిగేకొద్దీ ఉచ్చు బిగుస్తుందే తప్ప వదలదు. ఈ పానా కూడా అలాగే పనిచేస్తుంది.

కాడ కొన దగ్గర కొక్కెం లాంటి దవడ ఉంటుంది. అది ఒక పిన్ను మీద ఆడుతుంది. వెనకనున్న స్ప్రింగు దాన్ని మూసి పట్టుకుంటుంది. పైపు మీదికి నొక్కగానే దవడ తెరుచుకుని పైపును చుట్టుకుంటుంది. పైనుంచి కాడ తిప్పితే దవడ పళ్లు పైపులోకి దిగుతాయి. పైపు తిరగనని మొండికేసే కొద్దీ దవడ ఇంకా లోపలికి లాగబడి పట్టు పెరుగుతుంది. వెనక్కి తిప్పితే పట్టు సడలుతుంది. అందువల్ల ప్రతిసారీ పానా బయటికి తీయకుండా, కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి తిప్పుతూ ఇరుకులోనే పని సాగించవచ్చు.

పట్టు ఒక దిక్కుకే ఉంటుందన్నది గుర్తుంచుకోవాలి. విప్పడానికి దవడ ఒక వైపు ఉంటే, బిగించడానికి దాన్ని రెండో వైపుకు మడవాలి. ఈ పని గుంతలోకి దింపే ముందే చేసుకోవాలి.

ఈ సూత్రం కొత్తదేమీ కాదు. అమెరికాలో వాల్‌వర్త్ కంపెనీలో పనిచేసిన డేనియల్ స్టిల్సన్ 1870 ప్రాంతంలో పేటెంటు పొందిన పైపు రెంచిలోనే ఇది ఉంది. మన ప్లంబర్ల సంచిలో ఇప్పటికీ ఉండేది ఆ రకమే. స్వీడన్‌కు చెందిన యోహాన్ పెటర్ యోహాన్సన్ 1888లో మరో రకం పైపు పానా తెచ్చాడు. స్టిల్సన్ రకంలో ముందుగా మర తిప్పి దవడను పైపు లావుకు దగ్గరగా పెట్టాలి, ఆ తర్వాత బిగుసుకోవడం దాని వంతు. మూడడుగుల లోతులో ఆ మర తిప్పడానికి చేయి అందదు. అందుకే అక్కడ మర బదులు స్ప్రింగు వచ్చింది.

అరంగుళం పైపు అరంగుళం ఉండదు

సైజు తెలిస్తే మామూలు పానా సరిపోదా అని అడగవచ్చు. మనం అరంగుళం అని పిలిచే జి.ఐ. పైపు బయటి కొలత సుమారు 21.3 మి.మీ. అరంగుళం అంటే 12.7 మి.మీ. మాత్రమే. ముప్పావు అంగుళం పైపు బయటి కొలత 26.9 మి.మీ., అంగుళం పైపుది 33.7 మి.మీ. దాని మీది కప్లింగ్ ఇంకా లావు. ఏళ్ల తరబడి మట్టిలో ఉన్న పైపుకు తుప్పు పొరలు కట్టి లావెక్కుతుంది. పొరలు రాలిన చోట సన్నబడుతుంది. కంటికి కనిపించని లోతులో ఇన్ని తేడాలకు సరిపోయేది తనంతట తాను సర్దుకునే దవడే.

నిలువు పైపు వేరు, అడ్డ పైపు వేరు

పైనుంచి నిలువుగా దింపి తిప్పే పానా నిలువుగా నిలబడిన వాటినే తిప్పగలదు. నేలలోంచి పైకి లేచిన పైపు, వాల్వ్ మీది నట్టు, గుంత అడుగున పైకి చూస్తున్న యూనియన్ లాంటివన్న మాట. ఊరి నీటి వాల్వులను పొడుగాటి ఇనుప కీతో తిప్పే నీరుగంటిని కర్ణాటకలోని మనవాళ్లు చూసే ఉంటారు. ఆ కీ కొన వాల్వ్ తలకు సరిగ్గా సరిపోయేలా చేసి ఉంటుంది. ఆ తల అరిగిపోయి కీ జారిపోయే చోట కూడా ఈ దవడ పట్టు దొరకవచ్చు.

నేలలో పడుకోబెట్టినట్టు అడ్డంగా వెళ్లే పైపు అతుకును మాత్రం ఇది విప్పలేదు. దానికి చెయిన్ రెంచి కావాలి. గొలుసును పైపు కింద నుంచి తిప్పి కొక్కేనికి తగిలిస్తే, అదీ ఏ లావు పైపునైనా చుట్టుకుంటుంది. అయితే గొలుసు దూర్చడానికి పైపు కింద, కాడ ఊపడానికి పైపు పక్కన ఖాళీ ఉండాలి. అంటే తవ్వాల్సిందే. కాకపోతే కొలిచి, కావలసినంత మేరకే తవ్వితే చాలు.

బలం లెక్క

ఈ పానా పై చివర టి ఆకారంలో పిడి ఉంటుంది. రెండు చేతులతో సమానంగా తిప్పితే కాడ పక్కకు ఒరగదు. కానీ బలం తగ్గుతుంది. 45 సెంటీమీటర్ల పైపు రెంచి చివర 20 కిలోల బలం పెడితే 9 కిలో-మీటర్ల తిప్పుడు బలం వస్తుంది. చెరో 15 సెంటీమీటర్లు ఉన్న టి పిడి మీద ఒక్కో చేత్తో 15 కిలోల బలం పెట్టినా వచ్చేది 4.5 మాత్రమే, అంటే సగం. పైగా పొడుగాటి కాడ తానే కొంత మెలి తిరిగి, ఆ బలాన్ని వెంటనే కిందికి చేరనీయదు.

కాబట్టి గట్టిగా తుప్పు పట్టిన అతుకును దీనితో ఒక్క ఊపున విప్పాలనుకోవద్దు. వైరు బ్రష్షుతో తుప్పు గీకి, తుప్పు వదిలించే నూనె పోసి కొన్ని గంటలు ఆగాలి. ముందు బిగించే వైపుకు కాస్త కదిపి, తర్వాత విప్పే వైపుకు తిప్పాలి. పిడికి ఇనుప పైపు తొడిగి బలం పెంచడం, వెల్డింగుతో కాడను పొడిగించడం ప్రమాదం. ముందు విరిగేది పానా కావచ్చు, నేలలోని పాత పైపూ కావచ్చు.

ఇంకొక సంగతి. పై అతుకు తిప్పుతుంటే దాని కింది ఎల్బో కూడా కదిలి పగలవచ్చు. కింది పైపును మరో పానాతో ఆపి పట్టుకోవాలి. అలా పట్టుకునే చోటు లేకపోతే తవ్వడమే మేలు.

ఎక్కడ వాడకూడదు

పళ్లున్న దవడ ప్లాస్టిక్ పైపును కోసేస్తుంది. పి.వి.సి. ఫిట్టింగులకు బెల్టు చుట్టుకునే స్ట్రాప్ రెంచి వాడాలి. గమ్‌తో అతికించిన పి.వి.సి., సి.పి.వి.సి. అతుకులు ఏ పానాకూ విడవవు, కోసి మార్చాల్సిందే. గుంతలో పసుపు రంగు పైపు గానీ, హెచ్చరిక టేపు గానీ కనిపిస్తే పని ఆపేయండి. అది వంటగ్యాసు లైను కావచ్చు. బోరు మోటారు వైర్లు దగ్గరలో ఉంటే కరెంటు తీసేసి మొదలుపెట్టాలి. నీటి మీటరును, దాని ముందున్న వాల్వును స్థానిక నీటి శాఖకు చెప్పకుండా ముట్టుకోవద్దు.

గుంతలోకి మనిషి దిగే ముందు

డబ్బు ఆదా కంటే పెద్ద విషయం ఇది. బావిలో పడిన బకెట్టు కోసం మన పెద్దలు మనిషిని దింపేవారు కాదు, తాడుకు పాతాళ గరిగె కట్టి వదిలేవారు. తమిళనాడు వైపు దాన్నే పాతాళ కరండి అంటారు. పొడుగు కాడ పానా వెనక ఉన్న బుద్ధీ అదే.

మూత వేసి ఉంచిన లోతైన ఛాంబరులో, సంపులో గాలి బయటి గాలిలా ఉండదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది. అది 19.5 శాతం కంటే తగ్గితే ప్రమాదం కిందే లెక్క. ఇనుము తుప్పు పట్టడమే ఆక్సిజన్‌ను తినేస్తుంది. పక్కన మురుగు ఉంటే హైడ్రోజన్ సల్ఫైడ్ చేరుతుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసన పట్టడమే మానేస్తుంది. వాసన లేదు కదా అని దిగినవారు, వారిని కాపాడబోయి దిగినవారు ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. రక్షణ ఏర్పాట్లు లేకుండా మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషులను దింపి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. దింపినవారే శిక్షకు గురవుతారు. పై నుంచి చేయగల పనికి కూలి మనిషిని లోపలికి పంపవద్దు.

ప్లంబరును అడగాల్సినవి

ఒడిశాలోని కేంద్రపడా జిల్లా పట్టముండై ప్రాంతం నుంచి వచ్చిన ప్లంబర్లు దేశమంతటా పనిచేస్తున్నారు. అక్కడ ప్లంబింగ్ నేర్పే ప్రభుత్వ సంస్థ కూడా ఉంది. మీ ఇంటికి వచ్చేది ఎవరైనా, భాష అడ్డం రాదు. పానా అంటే మరాఠీలోనూ పానాయే, పైపు రెంచి అంటే చెన్నైలోనూ అర్థమవుతుంది. గచ్చు పగలగొట్టే ముందు ఈ నాలుగు మాటలు అడగండి:

- పైపు ఇనుమా, ప్లాస్టిక్కా?
- విప్పాల్సిన అతుకు నిలువుగా ఉందా, అడ్డంగా ఉందా?
- కింది పైపును ఆపి పట్టుకునే వీలుందా?
- లోపలికి దిగకుండా చేయవచ్చా?

ఇనుప పైపు, నిలువు అతుకు, ఆపి పట్టుకునే చోటు, ఈ మూడూ కుదిరితే పొడుగు కాడ పానాతో ముందు ప్రయత్నించమనండి. కుదరకపోతే ఎక్కడ, ఎంత మేర తవ్వాలో సుద్దతో గీత గీయించి, ఆ తర్వాతే గడ్డపలుగు ఎత్తనివ్వండి.