ఆవాసాన్ని బట్టి మారే సంతానోత్పత్తి: ఫ్లోరిడా తీరపు క్వీన్ కాంక్ నత్త

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రపు దక్షిణ కొన నుండి సముద్రంలోకి విల్లులా వంగి సాగే దీవుల వరుసను ఫ్లోరిడా కీస్ అంటారు. ఈ దీవులకు కొద్ది కిలోమీటర్ల దూరంలో, వాటికి సమాంతరంగా ప్రవాళ భిత్తిక విస్తరించి ఉంది. రెండింటి నడుమ హాక్ చానెల్ అనే జలమార్గం ఉంది. దీనికి ఇరువైపులా నివసించే క్వీన్ కాంక్ నత్తలు ఒకే జాతికి చెందినవి. అయినప్పటికీ భిత్తిక వైపు నత్తలు వెచ్చని మాసాలలో జతకట్టి గుడ్లు పెడుతుండగా, తీరం వైపు నత్తలు వయసు వచ్చినా గుడ్లు పెట్టవు.

పూర్వం స్ట్రాంబస్ గిగాస్ అనీ, ఇటీవల ఆలిగర్ గిగాస్ అనీ వ్యవహరించే ఈ నత్త కరీబియన్ ప్రాంతంలో ముఖ్యమైన ఆహార వనరు. మన పూజలలో వాడే శంఖం టర్బినెల్లా పైరమ్ అనే వేరొక జాతికి చెందినది. క్వీన్ కాంక్‌లో ఆడ, మగ జీవులు వేరు. సుమారు నాలుగేళ్ల వయసులో పెంకు అంచు వెడల్పైన పెదవిలా విచ్చుకుంటుంది. అది మందమయ్యాకే జీవి పరిపక్వమవుతుంది. ఆడనత్త ఇసుకపై పెట్టే ఒక్కొక్క గుడ్ల ముద్దలో లక్షల గుడ్లుంటాయి. వాటి నుండి వెలువడిన డింభకాలు కొన్ని వారాలు ప్లవకాలుగా ప్రవాహాలలో తేలియాడి, అనంతరం అడుగుకు చేరుతాయి.

ఇతర ప్రాంతాలలో ఈ నత్తలు తీరం దగ్గరి లోతు తక్కువ నీటిలో పెరిగి, ఎదిగేకొద్దీ బయటి జలాలకు తరలిపోతాయి. ఫ్లోరిడా కీస్‌లో ఈ వలసకు హాక్ చానెల్ అడ్డుగా నిలుస్తుంది. అందువల్ల తీరం దగ్గర పెరిగినవి అక్కడే ఉండిపోతాయి.

కణజాల పరీక్షలలో తీరపు నత్తల బీజకోశాలు క్షీణించి ఉన్నట్లు తేలింది. మగవాటి కంటే ఆడవాటి పరిస్థితి మరింత హీనం. వ్యవసాయ శాస్త్రజ్ఞులకు ఇది కొత్త విషయమేమీ కాదు. పూత దశలో ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ దాటితే, పైరు పచ్చగానే ఉన్నా వరి కంకిలో తాలు గింజలు పెరుగుతాయి. పైకి ఆరోగ్యంగా కనిపించడం వేరు, సంతానోత్పత్తి సామర్థ్యం వేరు.

లోపం జీవిలో ఉందా, ఆవాసంలో ఉందా అన్న ప్రశ్నకు 2004లో ప్రచురితమైన ఒక ప్రయోగం సమాధానమిచ్చింది. రెండు తీరప్రాంతాల నుండి ఎదిగిన నత్తలను రెండు బయటి ప్రదేశాలకు తరలించారు. వాటి బీజకోశాలు కోలుకున్నాయి. మూడు నెలల తరువాత గుడ్లు పెట్టడం ప్రారంభమైంది. అంటే ఆ వంధ్యత్వం శాశ్వతం కాదు.

తీరపు నీటిలో ఏ అంశం హాని చేస్తోంది? కాలుష్యం, ఉష్ణోగ్రతల తీవ్రత, ఆహార లేమి అన్నీ అనుమానితాలే. 2010లో వెలువడిన అధ్యయనంలో తీరపు నత్తల వృషణాలలో 255 జన్యువుల పనితీరు మారినట్లు కనుగొన్నారు. సంతానోత్పత్తి ఋతువులోనే ఆ వృషణాలు కుంచించుకుపోతున్నాయి. కొన్ని కణజాలాలలో జింకు, బహుశా రాగి కూడా, అధికంగా ఉన్నాయి. ఇవి కారణం కావచ్చునని మాత్రమే పరిశోధకులు సూచించారు; అంతకు మించి చెప్పడం తొందరపాటే. వరి పొలానికి లోపం తీర్చడానికి వేసే జింకే మోతాదు మించితే నత్తలలో సంతానోత్పత్తిని దెబ్బతీయగలదన్నది విద్యార్థులు గమనించదగినది.

ఫ్లోరిడాలో 1985 నుండి ఈ నత్తల సేకరణపై నిషేధం ఉంది. 2004 నాటికి కూడా వాటి సంతతి కోలుకోలేదు. నిషేధం పట్టుబడిని ఆపుతుందే గాని బీజకోశాలను బాగుచేయదు. తీరపు నత్తలను కూడా కలిపి లెక్కించే గణన గుడ్లు పెట్టగల సంతతిని ఎక్కువ చేసి చూపుతుంది. హేచరీలో పెంచిన పిల్లలను వదలడం కన్నా ఎదిగిన తీరపు నత్తలను బయటికి తరలించడం చవక, త్వరితం, స్థానిక జన్యుసంపదకు క్షేమకరం అని 2004 ప్రయోగకర్తలు అభిప్రాయపడ్డారు.

అయితే తరలించిన వాటిని ఎక్కడ వదలాలన్నది కూడా ముఖ్యమే. బహామాస్‌లో జరిపిన పరిశీలనలలో, హెక్టారుకు 56 కంటే తక్కువ నత్తలున్న చోట జతకట్టడం, 48 కంటే తక్కువ ఉన్న చోట గుడ్లు పెట్టడం అసలు కనబడలేదు. నెమ్మదిగా కదిలే ఈ జీవికి జత దొరకడమే కష్టం. కనుక తరలించిన నత్తలను విడివిడిగా వెదజల్లక, అప్పటికే గుడ్లు పెడుతున్న గుంపులలోనే చేర్చవలసి ఉంటుంది.