మీకు తెలుసా? డ్రాఫ్ట్ రాత్రి తేలని తీర్పు

అమెరికావాళ్ల ఫుట్‌బాల్ మనం కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో విసురుతూ, పట్టుకుని పరుగెత్తుతూ ఆడతారు. అక్కడి ఎన్ఎఫ్ఎల్‌లో 32 జట్లున్నాయి. అవి ఏటా కాలేజీ ఆటగాళ్లను పంచుకునే కార్యక్రమమే డ్రాఫ్ట్. ఐపీఎల్ వేలంలో లాగా డబ్బు పాట ఉండదు. కిందటి ఏడాది అందరికంటే అధ్వానంగా ఆడిన జట్టుకు మొదటి అవకాశం, విజేతకు చివరిది; అలా అన్ని జట్ల వంతూ తిరిగితే ఒక రౌండ్. ఎవరిని తీసుకోవాలని అభిమానులు నెలల తరబడి వాదించుకుంటారు. తెల్లారేసరికి పత్రికలు జట్టుజట్టుకూ మార్కులు వేసేస్తాయి. ఈ మార్కులు నాకెప్పుడూ అన్యాయంగానే తోస్తాయి. ఎందుకో ఈ సంగతులు చదివితే మీకే తెలుస్తుంది.

● ఈ పద్ధతిని ప్రతిపాదించింది ఓటములతో విసిగిన యజమాని. ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కు చెందిన బెర్ట్ బెల్ 1935లో దీన్ని ముందుకు తెచ్చాడు. 1936లో జరిగిన తొలి డ్రాఫ్ట్‌లో ఆయన జట్టే జే బెర్వాంగర్‌ను మొట్టమొదటి ఆటగాడిగా ఎంచుకుంది. కాలేజీ ఆటలో అతనికి తిరుగులేదు. కానీ జీతం దగ్గర బేరం కుదరక బెర్వాంగర్ ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

● అన్నిటికంటే పెద్ద వాదన 1998 నాటిది. ఇండియానాపొలిస్ కోల్ట్స్‌కు మొదటి ఎంపిక దక్కింది. ముందున్నది ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు, అంటే బంతి విసిరి ఆటను నడిపించేవాళ్లు. ఒకరు టెనెసీ విశ్వవిద్యాలయం కుర్రాడు పేటన్ మానింగ్, మరొకరు వాషింగ్టన్ స్టేట్ కుర్రాడు రయాన్ లీఫ్. చేతి బలం లీఫ్‌కే ఎక్కువని చాలామంది గట్టిగా నమ్మారు. రెండో స్థానానికి ఎగబాకితే ఇద్దరిలో ఎవరో ఒకరు దక్కుతారని శాన్‌డియేగో చార్జర్స్ లెక్క వేసింది. మూడు నుంచి రెండుకు, ఒకే ఒక్క మెట్టు పైకెక్కడానికి తన తొలి రౌండ్ ఎంపికతోపాటు తరువాతి ఏడాది తొలి రౌండ్ ఎంపికనూ, ఒక రెండో రౌండ్ ఎంపికనూ, ఇద్దరు ఆటగాళ్లనూ ఆ రెండో స్థానం చేతిలో ఉన్న అరిజోనాకు ధారపోసింది. కోల్ట్స్ జనరల్ మేనేజర్ బిల్ పోలియన్ మానింగ్ పేరు చదివించాడు. చార్జర్స్‌కు లీఫ్ దక్కాడు.

మొదటి ఏడాది చివర తీర్పు చెప్పమంటే మీరేమనేవారు? మానింగ్ పాసుల్లో 28 ప్రత్యర్థుల చేతికి చిక్కాయి. కొత్త ఆటగాళ్లలో అది రికార్డు. కోల్ట్స్ 16 మ్యాచ్‌లలో 13 ఓడింది. మరుసటి ఏడాది అదే కోల్ట్స్, అదే మానింగ్‌తో 13 గెలిచింది. చివరికి మానింగ్ అయిదుసార్లు ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు, రెండు వేర్వేరు జట్లతో లీగ్ తుదిపోరు సూపర్‌బౌల్ గెలిచాడు, 2021లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. లీఫ్ మొత్తం కెరీర్ 25 మ్యాచ్‌లు: 14 టచ్‌డౌన్ (స్కోరు తెచ్చిన) పాసులు, 36 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థికి చిక్కిన పాసులు). డ్రాఫ్ట్ నాటికి అతనికి 21 ఏళ్లు. ఒక నగరం ఆశలన్నీ ఆ వయసు కుర్రాడి భుజాల మీద పెట్టారన్నది మరిచిపోకూడదని నా అభిప్రాయం.

● దెబ్బతిన్న చార్జర్స్ 2001లో మొదటి ఎంపికను అట్లాంటాకు వదులుకుంది. దిగివచ్చాక అయిదో స్థానంలో లడేనియన్ టామ్లిన్సన్, రెండో రౌండ్ మొదట్లో క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్ దొరికారు. అదే బ్రీస్ తరువాత న్యూ ఓర్లీన్స్‌కు మారి, 2010 ఫిబ్రవరిలో జరిగిన సూపర్‌బౌల్‌లో మానింగ్ ఉన్న కోల్ట్స్‌నే ఓడించాడు.

● 2017లో షికాగో బేర్స్ కూడా మూడు నుంచి రెండుకు ఎక్కింది, అదనంగా మూడు ఎంపికలు ముట్టజెప్పి. తీసుకున్నది క్వార్టర్‌బ్యాక్ మిచెల్ ట్రుబిస్కీని. పదో స్థానంలో కాన్సస్‌సిటీకి దక్కిన మరో క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ ఆ తరువాత మూడు సూపర్‌బౌల్‌లు గెలిచాడు. షికాగో అభిమానులకు ఇప్పటికీ మానని పుండు ఇది. ఒక మాట మాత్రం చెప్పాలి. మహోమ్స్ మొదటి ఏడాది దాదాపు మొత్తం బెంచీ మీదే కూర్చుని, కోచ్ ఆండీ రీడ్ దగ్గర నేర్చుకున్నాడు. షికాగోలో ఆ వెసులుబాటు ఉండేదా అన్నదానికి రుజువు చూపగలిగేవాళ్లు లేరు.

● ఆర్థికశాస్త్రంలో 2017 నోబెల్ అందుకున్న రిచర్డ్ థేలర్ డ్రాఫ్ట్‌నూ వదల్లేదు. సహపరిశోధకుడు కేడ్ మాసీతో కలిసి ఏళ్ల లెక్కలు తిరగేశాడు. ఒకే స్థానంలో ఆడే ఇద్దరిలో ముందు ఎంపికైనవాడు, ఆ వెంటనే ఎంపికైనవాడికంటే మెరుగ్గా రాణించే అవకాశం సగంకంటే కాస్త మాత్రమే ఎక్కువని తేలింది. పైకి ఎగబాకడానికి జట్లు ఇచ్చే ధర చాలా ఎక్కువని కూడా తేల్చారు.

● ఏడు సూపర్‌బౌల్‌లు గెలిచిన టామ్ బ్రేడీ 2000 డ్రాఫ్ట్‌లో 199వవాడు.

● 2003లో ఏడో ఎంపిక మిన్నెసోటా వైకింగ్స్‌ది. చేతిలో 15 నిమిషాల గడువు. బాల్టిమోర్‌తో స్థానాల మార్పిడి గురించి మాట్లాడుతుండగానే గడువు దాటిపోయింది. ఆ సందులో మరో రెండు జట్లు ముందుకొచ్చి తమ ఆటగాళ్లను ఎంచుకున్నాయి. ఏడోది కావలసిన వైకింగ్స్ ఎంపిక తొమ్మిదోదైంది. అలా వచ్చిన కెవిన్ విలియమ్స్ లీగ్‌లో అత్యుత్తములతో కూర్చే ఆల్-ప్రో తొలి జట్టులో అయిదుసార్లు చోటు సంపాదించాడు.