ఒక గళము – పలువురి కృషి

ఆళ్లగడ్డ నుండి నంద్యాలకు బస్సులో వచ్చు మా మిత్రులు దారి పొడవునా పాత పాటలు వినుచు వత్తురు. "ఎవరి పాట?" అని అడిగినచో "ఘంటసాలది" అందురు. ఆ సమాధానము ఎంతవరకు సమగ్రమో ఇచట పరిశీలింపదలచినాము.

ఒక గాయకుని పాటలలో జనాదరణ పొందినవానిని ఏరి, ఒకే ఆల్బముగా వెలువరించుట రికార్డు కంపెనీల వాడుక. ఆ గాయకుడు మొదట ఒక బృందములో పాడి, పిదప విడిగా పాడినవాడైనచో చిక్కు వచ్చును. ఆంగ్ల రాక్ గాయకుడు స్టింగ్ 'ది పోలీస్' అను ముగ్గురి బృందములో పేరు పొంది, 1985లో తొలి సొంత ఆల్బమును వెలువరించెను. రెండు దశల పాటలను కలిపిన సంకలనము 1997లో వచ్చినది. అందలి 'ఎవ్రీ బ్రెత్ యూ టేక్' (1983) రచన స్టింగ్ పేరనే ఉన్నది. కాని వినగానే ఆ పాటను గుర్తింపజేయు గిటారు వాద్యము సహచరుడు ఆండీ సమ్మర్స్‌ది.

మన ఘంటసాల వెంకటేశ్వరరావుగారి (1922–1974) విషయమున బృందమునకు బదులు సినిమా ఉన్నది. విడిగా పాడినవి ప్రైవేటు రికార్డులు. 'మాయాబజార్' (1957) పాటలు పింగళి నాగేంద్రరావుగారు వ్రాసినవి. సంగీత దర్శకుడుగా ఘంటసాల పేరే ఉన్నను, నాలుగు పాటల వరుసలు సాలూరి రాజేశ్వరరావుగారు ముందుగా కట్టినవని చిత్రచరిత్ర నెరిగినవారు చెప్పుదురు. ప్రైవేటు రికార్డులోనైనను గాయకుడు ఒంటరి కాడు. 'పుష్పవిలాపము' పద్యములు 'కరుణశ్రీ' జంధ్యాల పాపయ్యశాస్త్రిగారివి.

దీనివలన గాయకుని ఘనత తగ్గదు. ఆ పద్యములు చదువురానివారి నోటికి సైతము చేరుటకు ఆ గళమే కారణము. అయినను సంకలనపు అట్టమీద ఒక్క పేరే పెద్ద అక్షరములలో నిలుచును. తక్కినవి క్రమముగా మరుగున పడును.

మన పూర్వులు దీనికొక ఉపాయము నెరిగియుండిరి. ఉర్దూ గజల్ కడపటి షేర్ అగు మఖ్తాలో కవి తన తఖల్లుస్‌ను నిలుపుకొనును. వేమన పద్యమునకు మకుటమున్నది. ఎవరు పాడినను కవి పేరు పాటతోనే నడచును. సినిమా పాటకు అట్టి మకుటము లేదు కనుక ఆ లోటును శ్రోతలమైన మనమే తీర్చవలెను.

కావున కళాశాల వార్షికోత్సవమున పాడు విద్యార్థులు, పాటకు ముందు వ్రాసినవారి పేరును, వరుస కట్టినవారి పేరును చెప్పు ఆచారమును నెలకొల్పవలెనని కమిటీవారికి మా మనవి. దీనికి కాసు ఖర్చు లేదు. కృతజ్ఞత ఉన్నచో చాలును.