సొమ్ము చాలక ఆగిన న్యాయం

న్యూఢిల్లీ: విదేశాంగ శాఖలో చిరకాలం పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మిత్రుడొకరు ఈ వారం మాటల సందర్భంలో నన్నొక ప్రశ్న అడిగారు: "అంతర్జాతీయ న్యాయస్థానం ఎప్పుడు మూతపడుతుందండీ?" వ్యాజ్యాలు తీరినప్పుడని నేను జవాబు చెప్పాను. ఆయన నవ్వి, "కాదు, చందాలు ఆగినప్పుడు" అన్నారు. హాస్యానికన్న మాటే కాని, ఇంటికి వచ్చి పాత కాగితాలు తిరగవేసి చూస్తే అందులో హాస్యం పాలు తక్కువేనని తేలింది.

ఆయన మనసులో వున్నది లెబనాన్ ఉదంతం. 2005 ఫిబ్రవరి 14న బేరూట్ నగరంలో జరిగిన పేలుడులో మాజీ ప్రధాని రఫీక్ హరీరీ, మరి 21 మంది మరణించారు. దోషులను తేల్చడానికి భద్రతామండలి 2007లో 1757వ తీర్మానం ద్వారా ప్రత్యేక న్యాయస్థానాన్ని నెలకొల్పింది. అనుకూలంగా ఓటు వేసినవి 10 దేశాలు. రష్యా, చైనాలతో సహా 5 దేశాలు తటస్థంగా వుండిపోయాయి. పుట్టుకలోనే ఏకాభిప్రాయం లేని ఈ సంస్థ 2009 మార్చి 1న హేగ్ నగరం చెంత పని ప్రారంభించింది. ఖర్చులో 49 శాతం లెబనాన్ ప్రభుత్వం భరించాలి. తక్కిన 51 శాతం ఇతర దేశాలు తమంతట తాము ఇచ్చే విరాళాలతో గడవాలి. చావు జరిగిన ఇంటివారు సగం, ఊరివారు సగం అన్న లెక్క ఇది. నాడు సమంజసంగానే కనిపించింది.

2019 నాటికి లెబనాన్ ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. నాణెం విలువ నేలకు దిగి, బ్యాంకులలో దాచుకున్న సొమ్ము సైతం జనానికి చేతికందకుండా పోయింది. 2020 ఆగస్టు 4న బేరూట్ రేవులో జరిగిన మహావిస్ఫోటం 200 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆగస్టు 7న వెలువడవలసిన హరీరీ కేసు తీర్పు ఆ విషాదం కారణంగానే 18వ తేదీకి వాయిదాపడింది. నలుగురు ముద్దాయిలలో సలీమ్ అయ్యాష్ ఒక్కడిని నేరస్థుడిగా నిర్ణయించారు. 2022 మార్చిలో అప్పీలు విచారించిన న్యాయమూర్తులు మరి ఇద్దరిని దోషులుగా ప్రకటించారు. వీరిలో ఏ ఒక్కరూ న్యాయస్థానం ముందు నిలబడలేదు. విచారణ అంతా ముద్దాయిల పరోక్షంలోనే సాగింది.

ఇంతకంటె విచిత్రమైనది రెండవ కేసు. 2004 అక్టోబరులో మర్వాన్ హమాదే, 2005 జూలైలో ఎలియాస్ ముర్ అనే నాయకులపై హత్యాప్రయత్నాలు జరిగాయి. ఈ రెండింటి నడుమ 2005 జూన్‌లో కమ్యూనిస్టు నాయకుడు జార్జి హావీ బాంబుకు బలి అయ్యాడు. ఈ మూడు దాడులపై విచారణ 2021 జూన్ 16న ప్రారంభం కావలసి వున్నది. సాక్ష్యాలు సిద్ధమైనవి, న్యాయవాదులు సిద్ధమైనారు. కాని జూన్ మొదటి వారంలోనే, ఖజానాలో డబ్బు లేదు కనుక విచారణ రద్దయినదని న్యాయస్థానం ప్రకటించింది. సాక్ష్యం చాలదని కాదు, ముద్దాయి నిర్దోషి అని కాదు. జీతాలకు, అద్దెకు సొమ్ము లేదని! 2023 డిసెంబరు 31తో ఆ సంస్థ శాశ్వతంగా తలుపులు మూసుకున్నది. పదహారేళ్ళు నిరీక్షించిన బాధిత కుటుంబాలకు దక్కినది ఒక ప్రకటన మాత్రమే.

ఈ దుస్థితికి మూలం ఎక్కడ? ఇటువంటి న్యాయస్థానాలను పోషించడానికి రెండు దారులున్నవి. ఒకటి ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలన్నీ విధిగా చెల్లించే వంతు నుండి ఖర్చు పెట్టడం. రెండవది విరాళాలు పోగుచేయడం. యుగోస్లావియా నేరాలను విచారించడానికి 1993లో హేగ్‌లోను, రువాండా నరమేధాన్ని విచారించడానికి 1994లో టాంజానియాలోని అరూషాలోను ఏర్పడిన న్యాయస్థానాలు మొదటి దారిన నడిచాయి. సమితి బడ్జెట్‌లో భారతదేశపు వంతు ఇటీవలి సంవత్సరాలలో సుమారు 1 శాతం. అనగా ఆ న్యాయమూర్తుల జీతాలలో మన పన్నుల సొమ్ము కూడ కొంత వున్నదన్నమాట.

విధిగా వచ్చే సొమ్ము వున్నంత మాత్రాన చిక్కులు తీరలేదు. హేగ్ న్యాయస్థానం మొదటి ఏడాది ఖర్చు 3 లక్షల డాలర్లకు లోపే. 2008-09 రెండేళ్ళకు అది 34 కోట్ల డాలర్లు దాటింది. అగ్రరాజ్యాలు సణగడం ప్రారంభించాయి. 2003, 2004 సంవత్సరాలలో భద్రతామండలి రెండు తీర్మానాలతో గడువులు విధించింది: 2004 చివరికి దర్యాప్తులు, 2008 చివరికి విచారణలు, 2010 నాటికి సమస్తమూ ముగియాలి. న్యాయం గడియారం చూసుకొని నడవదు. అరూషా సంస్థ 2015 చివర, హేగ్ సంస్థ 2017 చివర మూతపడ్డాయి. ఆలస్యమైనా, హేగ్‌లో అభియోగాలకు గురి అయిన 161 మందిలో ఒక్కడు కూడ పరారీలో మిగలలేదు. అత్యాచారాన్ని సైతం జాతి నిర్మూలన సాధనంగా గుర్తించిన 1998 నాటి చరిత్రాత్మకమైన తీర్పు అరూషాలో వెలువడింది. ఆ ధర్మాసనంలో దక్షిణాఫ్రికాలోని తమిళ కుటుంబంలో పుట్టిన నవనీతం పిళ్ళై కూర్చున్నారు.

విరాళాల దారిన నడిచిన కంబోడియా న్యాయస్థానం అనుభవం వేరు. ఖ్మేర్ రూజ్ పాలనలో సుమారు 17 లక్షల మంది నశించిన దేశం అది. జపాన్ అందరికంటె ఎక్కువ సొమ్ము ఇచ్చింది. పై అప్పీళ్ళు విన్న ధర్మాసనంలో శ్రీలంక న్యాయమూర్తి ఒకరున్నారు. అయినా 2013లో కంబోడియా సిబ్బందికి నెలల తరబడి జీతాలు లేక సమ్మెకు దిగారు. అదే ఏడాది మార్చిలో ముద్దాయి యెంగ్ సారీ తీర్పు వినకుండానే కన్నుమూశాడు. 2022 సెప్టెంబరులో పని ముగిసేనాటికి 33 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. శిక్షలు పడినవి ముగ్గురికి. కొండను తవ్వి ఎలుకను పట్టారని విమర్శించినవారున్నారు. కాని పట్టుబడినవారు ఎలుకలు కారు. ఒక రాజ్యాన్ని శ్మశానంగా మార్చిన ప్రభువులు.

మూసివేత అంటే తలుపుకు తాళం వేయడం కాదు. ఖైదీలు శిక్ష అనుభవిస్తూనే వుంటారు. సాక్ష్యం చెప్పినవారికి రక్షణ కావాలి. లక్షల పుటల దస్తావేజులు భద్రపరచాలి. ఇందుకోసమే భద్రతామండలి 2010లో ఒక శేషకార్య సంస్థను సృష్టించింది. రువాండా నరమేధానికి నిధులు సమకూర్చాడన్న అభియోగం మోసిన ఫెలిసియన్ కబూగా 2020 మేలో పారిస్ సమీపాన పట్టుబడినప్పుడు విచారించడానికి ఒక వేదిక మిగిలి వున్నదంటే దీని పుణ్యమే. అయితే అప్పటికే అతడు వృద్ధుడు. మతి నిలకడ లేదని 2023లో విచారణ నిలిపివేశారు. ఆలస్యానికి ఇదొక మూల్యం.

ఇంకొక మూల్యం నిర్దోషులు చెల్లించారు. అరూషాలో విడుదల అయినవారిలో కొందరిని ఏ దేశమూ రానివ్వలేదు. స్వదేశానికి పోవడానికి వారికి భయం. 2021 డిసెంబరులో అటువంటివారిని, శిక్ష ముగించుకున్నవారిని కలిపి ఎనిమిది మందిని నైజర్ దేశానికి పంపారు. వారాలు గడవకముందే నైజర్ ప్రభుత్వం వారిని వెళ్ళిపొమ్మన్నది. నేరం లేదని తీర్పు చెప్పిన న్యాయస్థానానికి, ఆ మనిషికొక గూడు చూపించే బాధ్యత ఎవరిదో చెప్పే బడ్జెట్ పద్దు లేకపోయింది.

మన ఉపఖండం మాటేమిటి? 1971 నాటి ఘోరాలకు 195 మంది పాకిస్తానీ యుద్ధఖైదీలను విచారించాలని బంగ్లాదేశ్ సంకల్పించింది. 1974 ఏప్రిల్ 9న ఇదే ఢిల్లీలో కుదిరిన త్రైపాక్షిక ఒప్పందంతో ఆ సంకల్పం విరమించుకున్నది. అక్కడ అడ్డుపడినది డబ్బు కాదు, రాజకీయావసరం. స్థానిక సహకారులను విచారించడానికి 2010లో ఒక ట్రిబ్యునల్ ఏర్పడింది. దానికి అంతర్జాతీయమన్న పేరున్నా, పోషించినది బంగ్లాదేశ్ ప్రభుత్వమే. షేక్ హసీనా ఏలుబడిలో ఆమె ప్రత్యర్థులను ఉరికంబం ఎక్కించిన ఆ ట్రిబ్యునలే, ఆమె పతనానంతరం 2025 నవంబరులో ఆమెకే, ఆమె పరోక్షంలో, మరణశిక్ష విధించింది. పరాయి సొమ్ముపై ఆధారపడితే విచారణ నడుమ ఆగిపోతుంది. సొంత సర్కారు సొమ్ముపై ఆధారపడితే గద్దెతో పాటు బోను కూడ చేతులు మారుతుంది. రెండూ ప్రమాదమే.

కనుకనే విధిగా చెల్లించే వంతులే మేలని నా అభిప్రాయం. న్యాయస్థానం నెలకొల్పే తీర్మానంలోనే దాని మూసివేతకు, సాక్షుల రక్షణకు, విడుదలైనవారి పునరావాసానికి నిధి కేటాయించాలి. 1998 నాటి రోమ్ ఒప్పందంలో భారతదేశం చేరలేదు. భద్రతామండలికి ఇచ్చిన అధికారాలపై నాడు మనం తెలిపిన అభ్యంతరాలు తేలికగా తోసివేయదగినవి కావు. చేరకపోయినా, వంతు చెల్లించే దేశంగా ఈ మాట చెప్పే హక్కు మనకున్నది. చందా ఇచ్చేవాడికి విసుగు పుట్టడం సహజం. ఆ విసుగు 2021 జూన్‌లో ఎవరి మీద పడినదో హావీ కుటుంబాన్ని అడిగితే తెలుస్తుంది.